మద్దిలంకకు వచ్చిన గ్రీసు దేశం

పడవ ఎక్కాక ప్రసన్నకుమారి ఎవరితోనూ మాట్లాడదు. సంచి ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా దగ్గరవుతున్న లంక వైపు చూస్తూ కూర్చుంటుంది. ఏటా వేసవి సెలవుల మొదటి రోజున అదే ఆమెకు పండగ. ముందు కొబ్బరి తలలు కనబడతాయి, తర్వాత చర్చి మీది సిలువ, ఆ తర్వాత రేవు పక్కనే అమ్మమ్మ సంపూర్ణమ్మ పెంకుటిల్లు. పడవ ఇంకా దగ్గరయ్యాక ఆ ఇంటి గోడ మీద ఈ కొస నుంచి ఆ కొసకి, రెండు వేళ్ళ మందాన, నల్లటి గీత కనబడుతుంది. అది కనబడిందంటే సెలవులు మొదలైనట్టే.

రెండువేల మూడు మే నెలలో, డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి రామచంద్రపురం నుంచి వచ్చిన ప్రసన్నకు ఆ గీత కనబడలేదు. అసలు ఇల్లే కనబడలేదు. ఇల్లు ఉండవలసిన చోట సున్నపు బట్టీలోంచి అప్పుడే తీసినట్టు కళ్ళలో పొడిచే తెలుపు. ఆ తెలుపు మధ్యలో నీలం తలుపు. పక్కిల్లూ అంతే, దాని పక్కదీ అంతే. చర్చి మీద సిలువ లేదు. సిలువ ఉన్నచోట నీలం రంగు గుమ్మటం ఒకటి బోర్లించిన గంగాళంలా కూర్చుంది.

"కళ్ళు చికిలించకే అమ్మడూ, అలవాటైపోద్ది," అన్నాడు గడ వేస్తున్న వెంకన్న. కాలం చేసిన ఆమె తాత చిట్టియ్య దగ్గర పడవ నేర్చుకున్న మనిషి అతను. "ఇప్పుడు నువ్వు దిగేది మద్దిలంక కాదు. గ్రీసు దేశం."

"గ్రీసేంటి మావయ్యా?"

"నాకేం తెలుసే. సినిమావోళ్ళు అలాగే అంటన్నారు. అక్కడికి పోవడానికి కుదర్లేదంట, అందుకని దాన్నే ఇక్కడికి తెచ్చేశారు. గోదారి సముద్రమంట. నా పడవకి తెల్లరంగేసి దాని మీద పురుగులు పాకినట్టు ఏదో రాశారు. ఏంటయ్యా అంటే గ్రీకులో పడవ పేరంట. పొద్దున్న మా ఆవిడొచ్చి ఇదెవరి పడవని నన్నే అడిగింది."

పడవలో ఉన్న నలుగురూ నవ్వారు. ప్రసన్న నవ్వలేదు. ఆమె ఇంకా గోడనే చూస్తోంది.

రేవులో దిగీ దిగగానే టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు. షాట్ జరుగుతోందనీ, అయ్యేదాకా ఎవరూ వీధిలోకి వెళ్ళకూడదనీ చెప్పాడు. పన్నెండు గంటల ఎండ. చెప్పుల్లేనివాళ్ళు ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ ఇసకలో నిలబడ్డారు. సొంత ఊళ్ళో సొంత వీధిలోకి అడుగు పెట్టడానికి ఆమె అరగంట నిలబడింది. ఆ అరగంటలో చూడగలిగినంతా చూసింది. బట్టలారేసే తాళ్ళు తీసేశారు. కోళ్ళను గంపల కింద మూశారు. గుమ్మాల ముందు కుండీల్లో గులాబిరంగు ప్లాస్టిక్ పూలు. ఎవరో పాపం ఎండ బాగుంది కదా అని చాప మీద పిండి వడియాలు పెట్టుకుంటే, గ్రీసులో వడియాలు పెట్టరని చెప్పి చాపతో సహా పక్కకు ఈడ్పించారు. సగం ఎండిన వడియాలన్నీ ఒక ముద్దయ్యాయి.

సంపూర్ణమ్మ తన ఇంట్లో లేదు. ఎదురుగా ఉన్న గేదెల పాకలో మంచం వేసుకుని, తాటాకు విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది. మనవరాలిని చూసి లేచి నుదురు నిమిరింది.

"వచ్చేవా తల్లీ. ఇలా కూర్చో. మనింట్లోకి వెళ్ళకు. కాళ్ళకు మట్టి ఉంటే లోపలికి రానివ్వరు."

"మనింట్లోకి మనల్ని రానివ్వకపోవడమేంటి అమ్మమ్మా? ఎందుకిచ్చావసలు?"

ముసలావిడ జరిగినదంతా చెప్పుకొచ్చింది. పదిహేను రోజుల కిందట చంద్రరావు అనే మేనేజరు వచ్చాడట. మంచి మనిషిలాగే ఉన్నాడట, మాటకు ముందు ఒక అమ్మా, వెనక ఒక అండీ. గ్రీసు దేశంలో ఒక దీవి కథ తీస్తున్నామనీ, రేవు పక్కనున్న ఆ నాలుగిళ్ళూ వారం రోజులు కావాలనీ అడిగాడట.

సంపూర్ణమ్మకు గ్రీసు దేశం గురించి తెలిసినదంతా ఆదివారం ప్రసంగాల్లో విన్నదే. అక్కడి ఊళ్ళ పేర్లు ఆమెకు చుట్టుపక్కల లంకల పేర్లంత బాగా తెలుసు. ఇక దీవి అంటారా, ఆ సముద్రంలో ఆమె ఎరిగిన దీవి ఒక్కటే. యేసు శిష్యుడు యోహానుగారిని ముసలితనంలో తీసుకుపోయి ఒంటరిగా పెట్టిన పత్మాసు దీవి.

"పత్మాసా బాబూ అని అడిగేనే. అదేనమ్మా, పత్మాసే అన్నాడు."

చంద్రరావుకు అదేమిటో తెలిసి ఉండదు. ముసలివాళ్ళు ఏదో అంటే అవుననేసి పని కానిచ్చుకునే మనిషి. కానీ ఆ ఒక్క అవుననడంతో మద్దిలంక మొత్తం మారిపోయింది. తీసేది యోహానుగారి కథేననుకుని సంపూర్ణమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవుడి పనికి అద్దె తీసుకోనని ఖండితంగా చెప్పింది. పాస్టరు జాషువా గారు ఆదివారం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. ఆడవాళ్ళంతా కలిసి రేవు నుంచి చర్చి దాకా వీధి ఊడ్చి నీళ్ళు చల్లారు. షూటింగు మొదటి రోజున మంచి చీరలు కట్టుకుని రేవులో బారులు తీరారు. పడవలోంచి జేబురుమాలంత బట్ట కట్టుకున్న అమ్మాయి దిగింది. ఆమె వెనక నల్లకళ్ళద్దాల కుర్రవాడు. వాళ్ళ వెనక డబ్బాలోంచి పాట.

"ఆళ్ళ వెనకాల తెల్లగడ్డంతో ఒకాయన దిగేడు. ఆయనే యోహానుగారేమో అనుకుని ఎదురెళ్ళి వందనాలు చెప్పేనే. ఆయన లైట్లు మోసే మనిషి."

అది చెప్పినప్పుడు మాత్రం ప్రసన్నకు నవ్వాగలేదు. అమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వు తగ్గాక ఇంటి వైపు చూసి ప్రసన్న అడగవలసినది అడిగింది.

"గీతేది అమ్మమ్మా?"

సంపూర్ణమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"వెల్లేస్తారనుకున్నానే," అంది. "వెల్లేసేవాళ్ళు గీత దగ్గర ఆగుతారు కదా."

ఆ మాట మద్దిలంకలో ఎవరన్నా అంటారు. ఏటా క్రిస్మసు ముందు ఇళ్ళకు వెల్ల వేస్తారు. సంపూర్ణమ్మ గోడకు ఎవరు వెల్ల వేసినా గీతకు పైన బెత్తెడు, కింద బెత్తెడు వదిలేసి వేస్తారు. ఇది ఎవరూ ఎవరికీ చెప్పరు. కుంచె పట్టుకున్న చెయ్యి దానంతట అదే ఆగుతుంది. అందుకే ఆమెకు ముందే చెప్పాలని తోచలేదు. గీత మీద నుంచి రంగు లాగేసే మనుషులు లోకంలో ఉంటారని ఆమెకు తెలియదు.

అది ఎనభై ఆరు ఆగస్టు వరద గీత. అప్పటికి ప్రసన్నకు నాలుగేళ్ళు. అమ్మ కాన్పుకు ఆసుపత్రిలో ఉంటే ఆమెను లంకలో వదిలారు. నీళ్ళు వస్తున్నాయని ఊరంతా బడిలో చేరింది. లంకలో అన్నిటికంటే ఎత్తున కట్టినది ఆ బడే. దాని నేల మూడడుగుల ఎత్తు. నీళ్ళు మూడడుగులు దాటి బడిలోకి వచ్చి తొడల దాకా నిలిచాయి. రెండు రోజులు ఊరంతా ఆ నీళ్ళలోనే నిలబడింది. ప్రసన్న తాత భుజం మీద ఉంది. రెండో రోజు పొద్దున్న ఆమె పిన్ని హెలెన్, పదిహేనేళ్ళ పిల్ల, పసిపిల్లల కోసం ఎవరో పడవలోంచి అందిస్తున్న రొట్టెలు అందుకోబోయింది. నేల ఎక్కడిదాకా ఉందో, మెట్టు ఎక్కడ మొదలవుతుందో ఆ ఎర్రనీళ్ళలో కనబడలేదు. ఒక్క అడుగు ఎక్కువ వేసింది. మనిషి దొరకడానికి అయిదు రోజులు పట్టింది.

నీళ్ళు తీశాక చిట్టియ్య ఇంటికి వచ్చాడు. గోడ మీద తడి ఎంతవరకు ఉందో చూసుకున్నాడు. పడవ అడుగుకు పూసే తారు వేడి చేసి, ఆ తడి మీద గీత లాగాడు. తర్వాత మిగిలిన ఇళ్ళు కూలాయి, మళ్ళీ లేచాయి. ఆ నీళ్ళ గుర్తు మిగిలింది ఈ ఒక్క గోడ మీదే. ఏటా సెలవులకు వచ్చినప్పుడల్లా అమ్మమ్మ ప్రసన్నను ఆ గోడకు ఆనించి నిలబెట్టి, ఈ ఏడు గీత నీకు ఎక్కడికి వచ్చిందో చూద్దాం అనేది. మొదట్లో తల మీద ఎక్కడో ఉండేది. పదిహేనో ఏట కనుబొమ్మ దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ప్రసన్న పెరగలేదు.

పదిహేడేళ్ళు తిరిగి తిరిగి, అర్జీల మీద అర్జీలు పెట్టి, ఈ ఏడు లంకకు వరద షెల్టరు తెచ్చుకున్నారు. దాని నేల ఎంత ఎత్తున కట్టాలో రాసుకోవడానికి ఇంజినీరు జగన్నాథరావు గారు గురువారం వస్తున్నారు. ఆఫీసు కాగితాల్లో మద్దిలంకకు వచ్చిన నీరు మూడున్నర అడుగులని ఉంది. అది ఏటిగట్టు మీద కూర్చుని రాసిన లెక్క. ఫిబ్రవరిలో ఒకసారి వచ్చినప్పుడు ఆయనే గీత చూసి, ఇంత స్పష్టంగా గుర్తుంటే కాగితాలతో పనేముందండి, మళ్ళీ వచ్చినప్పుడు టేపు పెట్టి కొలిచి ఇదే రాసుకుంటానన్నారు. ఇప్పుడు ఆయన వస్తే చూపించడానికి తెల్లటి గోడ ఉంది. అప్పటికి సోమవారం.

ప్రసన్న సంచి కింద పెట్టి, మొహం కూడా కడుక్కోకుండా చంద్రరావు దగ్గరికి వెళ్ళింది. కొత్తవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడాలంటే ముందు రెండు రోజులు ఆలోచించుకునే పిల్ల. అతను చర్చి నీడలో కుర్చీ వేసుకుని కొబ్బరిబొండం తాగుతున్నాడు. లేచి నిలబడి మరీ మర్యాద చేశాడు. వరద సంగతి, షెల్టరు సంగతి ఆమె తడబడుతూ చెబుతుంటే అయ్యయ్యో అంటూనే విన్నాడు. విని, ఏడాదికోసారి వెల్ల వేసుకునే గోడే కదా అన్నాడు. తమ కంపెనీవాళ్ళు బోలెడు ఖరీదైన పెయింటు వేయించారనీ, పదేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదనీ చెప్పాడు. ఆమె కదలకపోయేసరికి ఇంకొక మంచి మాట అన్నాడు.

"దానికేముంది మేడం. పోయేటప్పుడు మా పెయింటరు చేత మళ్ళీ గీయించేస్తానండి. మీకు ఎక్కడ కావాలంటే అక్కడ."

ప్రసన్న వెనక్కి తిరిగింది. ఎక్కడ కావాలంటే అక్కడ. నీళ్ళు ఎంతవరకు రావాలో ఇతన్ని అడిగి వచ్చినట్టు. చెప్పవలసిన మాటలన్నీ పాకలోకి తిరిగి వచ్చాక ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆ మాటల్ని నములుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది. ఆమె వచ్చేస్తుంటే అతను వెనక నుంచి ఇంకో మాట కూడా అన్నాడు, రేపు జనంలో గ్రీకు పిల్లలా నిలబడతారా, మీకు గౌను బాగుంటుంది అని. దానికి కోపం తెచ్చుకోవడం కూడా ఆమెకు అప్పుడు తోచలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎండ పడమటి గోడ మీదికి తిరిగింది. ఆ గోడ ముందే డాన్సు. హీరో హీరోయిన్లు ఏడోసారి తిరిగి ఏడోసారి నవ్వుతుండగా, కెమెరా వెనకున్నాయన ఆపమని చెయ్యెత్తాడు. తెల్లగోడ మీద, ఈ కొస నుంచి ఆ కొసకి, పాలల్లో టీ చుక్క పడ్డట్టు లేత గోధుమరంగు చార ఒకటి తేలింది.

పాకలోంచి చూస్తున్న ప్రసన్న లేచి నిలబడింది. ఏమిటో ఆమెకు వెంటనే తెలిసింది. పడవల మధ్య పెరిగినవాళ్ళకు తారు సంగతి తెలియకపోదు. ఎంత ఆరినా మే నెల ఎండ తగిలితే అది మెత్తబడుతుంది, పైన ఏది పూసినా తాగేసి పైకి వస్తుంది. ఆమె అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది.

సెట్టు పని చేయించే వీరబ్రహ్మం వచ్చి గోడను వేలితో తడిమి చూశాడు. యాభై ఏళ్ళ మనిషి, పెద్దాపురం వాడు. గోడలో చెమ్మ ఉందనుకుని మళ్ళీ ఒక పూత వేయించాడు. బుధవారం ఎండ గోడ మీదికి తిరిగేసరికి చార మళ్ళీ వచ్చింది. ఈసారి ముదురుగా, నాలుగు వేళ్ళ వెడల్పున వచ్చింది. డైరెక్టరు గొడుగు కింద నుంచి లేచి చంద్రరావును అందరి ముందూ తిట్టాడు. గ్రీసులో ఏ గోడకైనా ఇలాంటి మరక ఉంటుందా అని అడిగాడు. చంద్రరావు ఆ తిట్లన్నీ తీసుకెళ్ళి వీరబ్రహ్మానికి అప్పజెప్పాడు. గోడ పైపూత ఆ మేరకు చెక్కించేసి సిమెంటు పట్టించమన్నాడు.

వీరబ్రహ్మం ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చేసరికి గోడకు వీపు ఆనించి ప్రసన్న నిలబడి ఉంది. ఎండకు గోడ పెనంలా కాలుతోంది. జాకెట్టు వెనకంతా తెల్లరంగు అంటుకుంటోంది.

"పక్కకు తప్పుకో అమ్మా, పనుంది," అన్నాడతను.

"తప్పుకోనండి."

చంద్రరావు పరిగెత్తుకొచ్చాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు. ఇల్లు మీ అమ్మమ్మగారే ఒప్పుకుని ఇచ్చారన్నాడు, యూనిట్టులో నూట ఇరవై మంది ఎండలో ఉన్నారన్నాడు. చివరికి మరకలు పడ్డ గోడ కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు. ప్రసన్న అతని వైపు చూడలేదు. సుత్తి పట్టుకున్న మనిషితోనే మాట్లాడింది.

"ఇది చెమ్మ కాదండి, తారు. ఎనభై ఆరులో నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. మా తాతయ్య గీశాడు. మా పిన్ని ఆ నీళ్ళలో పోయింది, పదిహేనేళ్ళది. మళ్ళీ ఎవరూ పోకూడదని షెల్టరు కడుతున్నారు, రేపు ఇంజినీరు గారొచ్చి ఈ గీత కొలుస్తారు. మీరు దీన్ని చెక్కేస్తే నేనాయనకి ఏం చూపించనండి? మీ నీలం తలుపు చూపించనా?"

వీరబ్రహ్మం ఆమె తల పక్కన కనబడుతున్న చారను చూశాడు. తర్వాత ఆ చార ఎత్తులోనే ఎదురుగా పాక మీదికి, దాని పక్క ఇంటి కిటికీ మీదికి చూపు తీసుకెళ్ళాడు. నీళ్ళు అంత ఎత్తున ఉంటే ఊరు ఎలా ఉంటుందో కొలుచుకుంటున్నట్టు. ఉలి జేబులో పెట్టుకున్నాడు.

"నేను చెక్కనండి," అన్నాడు చంద్రరావుతో. "పూలతీగ కట్టేస్తాను. కెమెరాకి కనబడదు."

అలాగే చేశాడు. ప్లాస్టిక్ తీగ ఒకటి ఆ కొస నుంచి ఈ కొసకి వేలాడదీశాడు. చంద్రరావు మాత్రం వెళుతూ వెళుతూ, లంకల్లో మనుషులకు కాస్త చదువు వస్తే చాలు తల తిరుగుతుందని పక్కవాడితో ఆమెకు వినబడేలా అన్నాడు.

గురువారం పదకొండు గంటలకు వెంకన్న ఆయాసపడుతూ పాకలోకి వచ్చాడు. ఇంజినీరు గారిని తొమ్మిదిన్నరకే రేవులో దింపాననీ, అప్పటి నుంచి టోపీ వాడు ఆయన్ని కదలనివ్వలేదనీ చెప్పాడు. షాట్ అయ్యాక షాట్, ఒక్క క్షణం సార్, ఒక్క క్షణం సార్. ఇప్పుడాయన తిరిగి పడవ ఎక్కుతానంటున్నాడు.

ప్రసన్న చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి పరిగెత్తింది. జగన్నాథరావు గారు గొడుగు కింద చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మనిషి చెడ్డవాడు కాదు, విసిగిపోయాడు. ఇంకా రెండు ఊళ్ళకు పోవాలమ్మా, ఇక ఆగలేను, ఆఫీసు లెక్క మూడున్నర ఎలాగూ ఉంది, దాని మీద ఒక అడుగు వేసి నాలుగున్నరకు రాసేస్తానన్నాడు.

నాలుగున్నర. గీతకు ఇంకా నాలుగు వేళ్ళు కింద. మళ్ళీ ఆ ఎర్రనీళ్ళు నేల మీదికి వస్తాయి, మళ్ళీ మెట్టు కనబడదు.

"నాతో రండి," అంది ప్రసన్న.

వీధికి అడ్డంగా కట్టిన తాడు పైకెత్తి ఆయన్ని దాటించింది, తనూ దాటింది. టోపీ వాడు వచ్చి షాట్ జరుగుతోందని చేతులు అడ్డం పెట్టాడు. ఆమె అతని చెయ్యి కింద నుంచి వెళ్ళింది. ఎవరి దారిలోనూ ఎప్పుడూ అడ్డం రాని పిల్ల, మాసిన లంగా ఓణీతో, ఒట్టి కాళ్ళతో, గొడుగు పట్టుకున్న ఇంజినీరును వెంటేసుకుని తిన్నగా గ్రీసు దేశం మధ్యలోకి నడిచింది. డబ్బాలో పాట పెద్దగా మోగుతోంది. డాన్సు చేస్తున్నవాళ్ళు ఒక చెయ్యి గాలిలో ఉండగా ఆగిపోయారు. ఆమె వాళ్ళ మధ్య నుంచే వెళ్ళి, గోడ మీది ప్లాస్టిక్ తీగ కొస అందుకుని ఒక్క లాగు లాగింది. మేకులతో సహా ఊడి మీద పడింది.

తీగ వెనక చార అలాగే ఉంది. మూడు రోజుల ఎండకు ఇంచుమించు నల్లగా పైకి వచ్చేసింది.

"కొలవండి సార్."

పాట ఆగింది. చంద్రరావు ఈసారి అండీలు లేకుండా అరుచుకుంటూ వచ్చాడు. ఎవడయ్యా నువ్వు, ఫ్రేములోకి ఎలా వచ్చావని ఇంజినీరు మీదికి వెళ్ళాడు. గంటన్నర ఎండలో నిలబడిన కోపమంతా జగన్నాథరావు గారికి అప్పుడు దారి దొరికింది.

"పంచాయతీరాజ్ డిపార్టుమెంటండి. గవర్నమెంటు పని మీద వచ్చాను. మీరెవరండి? ఈ వీధికి తాడు కట్టడానికి మీకు పర్మిషనెవరిచ్చారు? ఆ కాగితం తెండి, చూస్తాను."

చంద్రరావు దగ్గర ఆ కాగితం ఉన్నట్టు లేదు. వెనక్కి చూశాడు. అప్పటికి వీధి కొసల్లోంచి, పెరళ్ళలోంచి లంక జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముద్దయిన వడియాల చాప యజమానురాలు ముందు వరసలో ఉంది.

ఇంజినీరు టేపు నేల మీద ఆనించి పైకి లాగి ఆగిపోయాడు. చార నాలుగు వేళ్ళ వెడల్పుకు పాకింది. అసలు గీత అందులో పైన ఉందా, కింద ఉందా? ఎక్కడ రాసుకోవాలని అడిగాడు. ప్రసన్న గోడకు ఆని నిలబడింది. కళ్ళు మూసుకుంది. ఎన్ని వేసవులు నిలబడిందో అక్కడ. వేలు కనుబొమ్మ మీద పెట్టుకుని గోడ మీదికి జరిపింది.

"ఇక్కడండి. ఆరేళ్ళుగా నాకిక్కడే."

అమ్మమ్మ దగ్గరికొచ్చి ఆ వేలు చూసింది, అక్కడేనంది. వెంకన్నా అక్కడేనన్నాడు. వెనక నుంచి ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు వచ్చి, ఆ గీత తమకు ఎక్కడికి వచ్చేదో ఎవరికి వాళ్ళు చెప్పారు. ఒకామెకు సరిగ్గా ముక్కు దగ్గరికి, ఒకాయనకు మెడ కిందికి. ఎవరి కొలత పెట్టి చూసినా వేలు ఒక్కచోటే నిలిచింది.

"నాలుగడుగుల పది అంగుళాలు," అని పైకి చదివి రాసుకున్నాడు జగన్నాథరావు. "నేల ఆరడుగులకు పెడతానమ్మా." ఆ పుస్తకంలో సాక్షిగా ప్రసన్న చేత సంతకం పెట్టించుకున్నాడు.

చంద్రరావు సంపూర్ణమ్మ వైపు తిరిగి, పూట పని పాడైందనీ, మీ మాట నమ్మి వచ్చినందుకు బాగా బుద్ధి చెప్పారనీ నిష్ఠూరమాడాడు. ముసలావిడ ఆ మాటకు ఓర్చుకోలేకపోయింది. గోడ దగ్గర్నుంచి కదిలి అతని ఎదురుగా వచ్చింది.

"నా మాట నమ్మేవా? నేను పత్మాసా అనడిగితే అవునన్నావు. తెలీదంటే సరిపోయేది కదా బాబూ. తెలీదని చెప్పుంటే అదేంటో నేనే చెప్పేదాన్ని. ఇంట్లోంచి ఎల్లగొట్టేవు, ఊరుకున్నాను. చర్చి మీద గంగాళం బోర్లించేవు, ఊరుకున్నాను. నా కూతురు మునిగిన నీళ్ళ మీద రంగేసేసి, ఎక్కడ కావాలంటే అక్కడ గీస్తానన్నావంట. అది మాత్రం ఊరుకోను. ఇల్లు ఖాళీ చేసి నా తాళం నాకివ్వు."

చంద్రరావు చుట్టూ ఉన్న జనాన్ని చూసి, తాళం కోసం జేబులు తడుముకున్నాడు.

శనివారానికి గ్రీసు దేశం పడవలెక్కి వెళ్ళిపోయింది. చర్చి మీద గుమ్మటం దించి జాషువా గారు సిలువ బయటపెట్టుకున్నారు. వీరబ్రహ్మం ఆఖరి పడవకు ముందు గోడ దగ్గరికి వచ్చి, పాడుచేసింది నేనే, గీత నేనే గీసి వెళతానన్నాడు. సంపూర్ణమ్మ వద్దంది. గోడకు రంగు మాత్రం సరిచేయమంది. అతను చారకు పైన బెత్తెడు, కింద బెత్తెడు గోకి, ఆ మేర పాత గోడ కనబడేలా వదిలి, మిగతాదంతా సమంగా పూసి వెళ్ళాడు. ఎవరూ చెప్పకుండానే.

సాయంత్రం వెంకన్న తారు వేడిచేసి డబ్బాతో తెచ్చాడు. కుంచె ప్రసన్న చేతికిచ్చాడు. ఆమె ఈ కొస నుంచి ఆ కొసకి, కొలిచిన చోట, తాత గీత మీద గీత లాగింది. ఎక్కడ కావాలంటే అక్కడ అన్న మాట చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. ఆ కోపానికే గీత ఎక్కడా వంకర పోలేదు.

"నీలం తలుపు ఏం చేద్దామే?" అని అడిగింది అమ్మమ్మ అరుగు మీద కూర్చుని.

"నువ్వు చెప్పు."

"ఉండనీలే," అంది సంపూర్ణమ్మ. "ఇన్నేళ్ళకి ఇంటికి మంచి తలుపొచ్చింది. పైగా ఆ రంగు కింద పోయిన గీతేమీ లేదు కదా."